విడిచి వచ్చిన అంగడి

ఈ మాసపు బైబిలు పాఠము

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 11వ అధ్యాయము; 2 సమూయేలు 23:13-17; నిర్గమకాండము 16:13-31; యిర్మీయా 29:4-7; లేవీయకాండము 19:33-36; రూతు 2వ అధ్యాయము.



బ్రతుకుదెరువు కొరకు పరరాష్ట్రము వెళ్లినవారు లేని సంఘము మనలో అరుదు. పాలమూరు కూలీలు ముంబైకిని పుణెకును పోవుదురు. కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నేతపనివారు తరతరములుగా షోలాపూరు, భివండీ, సూరతు పట్టణములలో మగ్గముల యొద్ద స్థిరపడిరి. శ్రీకాకుళపు జాలరులు గుజరాతులోని వేరావలు రేవున పడవలెక్కుదురు. బెంగాలు నాగపూరు రైల్వే దినములలో ఖరగ్‌పూరు పోయిన తెలుగువారి మునిమనుమలు నేటికిని అక్కడనే యున్నారు. చదువుకొనిన పిల్లలు కొందరు అమెరికాకు పోయి, అక్కడ ఉద్యోగము వెంట ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మారుచున్నారు.

ఇట్లు వెళ్లినవారిని, "అక్కడ మీకేమి కష్టముగా నున్నది?" అని అడిగినయెడల వారు పెద్ద సంగతులు చెప్పుదురని మనమనుకొందుము. వారు చెప్పునది తరచుగా చిన్న సంగతి. పుణెకు వెళ్లిన ఒక బిడ్డ మొదటి నెలలో తల్లితో ఫోనులో పలికిన మాట యిది: "అమ్మా, ఈడ అన్నీ దొరుకుతయి గాని, మన దుకాణం లేదే." తల్లి నవ్వెను. అవతల బిడ్డ ఏడ్చుచుండెను.

దుకాణము కొరకు ఏడ్చుదురా అని మనమును నవ్వవచ్చును. అయితే అలవాటైన తిండి కొరకు గుడారముల ద్వారముల యొద్ద కూర్చుండి ఏడ్చిన ఒక జనమును గూర్చి దేవుని గ్రంథములో ఒక అధ్యాయమే యున్నది. కాబట్టి ఈ మాసమున ఈ చిన్న సంగతిని వాక్యపు వెలుగులో ధ్యానింతము. విడిచి వచ్చినదానిని తలచుకొనుట పాపమా? ఆ తలంపు మనలను ఎక్కడికి నడిపించును? దానితో మనమేమి చేయవలెను?

1. దుకాణములో కొనునది సరుకు మాత్రమే కాదు

మన ఊరి కిరాణా దుకాణమును ఒక్కసారి తలచుకొనుడి. శెట్టిగారికి మన యింట ఎందరు తినువారో తెలియును. ఏ బియ్యము మనకు పడునో, ఏ కారము మన పిల్లలు తినలేరో తెలియును. తూచి యిచ్చిన తరువాత పైన మరి కొంచెము వేయును. దానిని మనము కొసరు అందుము. వెంట వచ్చిన పిల్లవాని చేతిలో బెల్లము ముక్క పెట్టును. చేతిలో డబ్బు లేనినాడు ఖాతా పుస్తకములో వ్రాసికొని, పంట చేతికి వచ్చువరకు ఓర్చుకొనును. "నాయనకు జ్వరం తగ్గిందా?" అని అడుగును. ఇవన్నియు ధర చీటీలో ఉండవు, గాని మనము ప్రతి దినము వాటిని పొందుచున్నాము.

క్రొత్త రాష్ట్రములో మొదట పోవునది మాట. మనము పుంటికూర అనుదానినే కోస్తావారు గోంగూర అందురు. మహారాష్ట్రములో అదియే అంబాడి. ఉత్తర కర్ణాటకములో పుండి. తమిళ దేశములో పుళిచ్చ కీరై. ఆకు ఒక్కటే, పులుపు ఒక్కటే. పేరు తెలియని స్త్రీ దానియెదుటనే నిలువబడి, దొరకలేదని యింటికి తిరిగి వచ్చును. కరివేపాకును కడీపత్తా అనవలెను. కందిపప్పును ఒకచోట తూర్ అనియు, మరియొకచోట అర్హర్ అనియు అడుగవలెను. తరువాత పోవునది రుచి. బెంగాలులో కూర ఆవనూనెతో ఘుమఘుమలాడును. గుజరాతులో పప్పులో బెల్లము పడును. కొంకణములో చింతపండునకు బదులు కోకము వేయుదురు. బాపట్ల పరిశోధన కేంద్రము 1986లో మనకిచ్చిన సాంబ మసూరి బియ్యమునకు అలవాటుపడిన నోటికి ఏ అన్నమైనను మొదట పరాయిదిగానే తోచును.

అన్నిటికంటె కష్టమైనది, మనలను ఎరిగినవాడు అక్కడ లేకపోవుట. నేటి పెద్ద దుకాణములలో సరుకును మనమే అరలలోనుండి తీసికొందుము. ఈ పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అనునతడు పిగ్లీ విగ్లీ అను పేరుతో తెరచిన దుకాణముతో ప్రసిద్ధికి వచ్చెను. అంతకుముందు అక్కడను బల్లవెనుక నున్న మనిషియే సరుకు తీసి యిచ్చుట వాడుక. ఇప్పుడు నెలంతయు సరుకు కొనియు ఒక్క మాటయైనను పలుకకుండ తిరిగి రావచ్చును. సరుకు మంచిదే, ధర సరిగానే యుండును, ఎవరును మోసము చేయలేదు. అయినను ఆ స్త్రీ బరువైన సంచితోను అంతకంటె బరువైన మనస్సుతోను యింటికి వచ్చును. ఎందుకనగా ఆ ఊరిలో ఆమె పేరు ఎవరికిని తెలియదు.

కాబట్టి దుకాణము కొరకు ఏడ్చు బిడ్డను చూచి నవ్వకుడి. ఆ బిడ్డ పప్పు కొరకు ఏడ్చుటలేదు. తన్ను ఎరిగినవారి కొరకు ఏడ్చుచున్నది.

2. ఇశ్రాయేలీయులు మరచిన ధర

సంఖ్యాకాండము 11వ అధ్యాయమునకు వత్తము. జనులు సీనాయి అరణ్యమును విడిచి కొద్ది దినములే ఆయెను. వారి మధ్యనున్న మిశ్రిత జనములో మొదట ఆశ పుట్టెను. అది గుడారమునుండి గుడారమునకు ప్రాకెను. పదియవ వచనము చూడుడి: కుటుంబము వెంబడి కుటుంబము, ఎవరి గుడారపు ద్వారమున వారు ఏడ్చుట మోషే వినెను. వారు లెక్కించిన వస్తువులు ఆరు: చేపలు, కీరకాయలు, దోసకాయలు, కూరాకులు, ఉల్లి, తెల్లగడ్డ. నైలు నది ఒడ్డున నల్లమట్టి నేలలో పండిన కాయగూరల రుచి వారి నాలుక విడువలేదు.

ఈ జాబితాలో అబద్ధము లేదు. అవన్నియు ఐగుప్తులో నిజముగా దొరికెను. అబద్ధము వేరొక మాటలో నున్నది. చేపలను గూర్చి చెప్పునప్పుడు, అవి తమకు ఉచితముగా దొరికెనని వారనిరి.

ఉచితముగానా? నిర్గమకాండము 1వ అధ్యాయము తెరచి చూడుడి. వారు జిగటమన్ను పిసికి ఇటుకలు చేయుచు, పొలములో చాకిరి చేయుచు బ్రతికిరి. 5వ అధ్యాయములో గడ్డి ఇయ్యకుండ అన్ని ఇటుకలును చేయుమని ఫరో నిర్బంధించెను. లెక్క తక్కువైనప్పుడు ఇశ్రాయేలీయుల నాయకులు దెబ్బలు తినిరి. మరియు ఆ చేపలు ఏ నదిలోనివి? ఫరో హెబ్రీయుల మగబిడ్డలను పారవేయించిన నదిలోనివి. ఆ నీటిలోని చేపను తలచుకొని, ఉచితముగా తింటిమి అని వారు చెప్పగలిగిరి. నాలుక జ్ఞాపకముంచుకొనెను, వీపు మరచిపోయెను.

ప్రియులారా, ఇది మనకును జరుగును. దూరమునుండి చూచినప్పుడు విడిచి వచ్చిన ఊరు బంగారముగా కనబడును. శెట్టిగారి కొసరు జ్ఞాపకమునకు వచ్చును. ఖాతాలో పెరిగిన వడ్డీ రాదు. బెల్లము ముక్క జ్ఞాపకమునకు వచ్చును. కరవు సంవత్సరమున తాకట్టు పెట్టిన తల్లి కడియము రాదు. అంతకంటె పూర్వపు సంగతి యొకటి మన పెద్దలకు తెలియును. అనేక గ్రామములలో మన తాతలు దుకాణపు గడప ఎక్కుటకు వీలులేక, దూరమున నిలువబడి, చేయి తగులకుండ పైనుండి వేసిన ఉప్పును కొంగులో పట్టుకొనిరి. వారి పైసలను నేలమీద పెట్టించి, నీళ్లు చల్లి తీసికొనినవారు కలరు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, కులమును బట్టి ఎవరిని దుకాణములలోనికి రానియ్యకుండ చేయరాదని 15వ అధికరణములో పేరుపెట్టి చెప్పినది. 17వ అధికరణము అంటరానితనమునే రద్దుచేసెను. 1955 చట్టము దుకాణములో అట్టి అడ్డగింపును శిక్షార్హమైన నేరముగా ఎంచెను. దుకాణము అను మాట దేశపు రాజ్యాంగములోనికి ఎక్కవలసి వచ్చెననగా, దుకాణపు గడప యొద్ద ఎంత అవమానము జరిగియుండెనో యోచించుడి.

పట్టణపు పెద్ద దుకాణములో మన పేరు అడుగువారు లేరని దుఃఖించుచున్నాము. అక్కడ మన కులము అడుగువారును లేరని దేవునికి స్తోత్రము చెప్పితిమా? తల్లి తాకరాని దినములు చూచినది. బిడ్డ అందరితో సమానముగా వరుసలో నిలువబడి, తన చేతితో సరుకు తీసికొని, తన డబ్బు యిచ్చి వచ్చుచున్నది. ఊరి దుకాణములోని ప్రేమయు నిజమే, దాని గడపయొద్ద జరిగిన అవమానమును నిజమే. రెండును జ్ఞాపకముంచుకొనువాడు సరిగా జ్ఞాపకముంచుకొనుచున్నాడు. ఒక్కటే జ్ఞాపకముంచుకొనువాడు ఐగుప్తును ఉచితము అనును.

3. దావీదు లెక్కించిన ధర

అయితే విడిచివచ్చినదానిని ఆశించుటయే పాపమా? కాదు. దావీదును చూడుడి. అతడు అదుల్లాము గుహలో దాగియున్న కాలమున, అతని స్వగ్రామమైన బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగియుండెను. అప్పుడు దావీదునకు ఊరి గుమ్మము దగ్గరి బావి నీళ్లమీద మనస్సు పోయెను. గుహ దగ్గర వారు త్రాగుటకు నీరు ఏదో యుండియే యుండును. గాని అతనికి కావలసినది ఆ బావి నీరు. ఇది మన బిడ్డ మాటవంటిదే కాదా? ఈడ అన్నీ దొరుకును, మనది మాత్రము లేదు. దేవుని వాక్యము దావీదును ఈ ఆశ కొరకు గద్దింపలేదు.

ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండులో చొచ్చి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణములకు తెగించి వెళ్లినవారి రక్తముతో సమానముగా ఆ నీటిని ఎంచి, యెహోవా సన్నిధిని పారబోసెను.

ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. ఇశ్రాయేలీయులకును ఆశయే, దావీదునకును ఆశయే. వారు ధరను మరచిరి. ఇతడు ధరను లెక్కించెను. ధరను మరచిన ఆశ పూరేళ్ల కుప్పల యొద్ద కిబ్రోతుహత్తావా అను సమాధుల స్థలమాయెను. ఆ పేరునకు ఆశపడినవారి సమాధులని అర్థము. ధరను లెక్కించిన ఆశ ఆరాధనగా మారెను.

మోషేను సహితము గమనించుడి. అతడును ఆ దినమున తన భారమును గూర్చి గట్టిగానే మొరపెట్టెను. తనకు మరణమైనను మేలని పలికెను. దేవుడు అతని శిక్షింపలేదు. భారము పంచుకొనుటకు డెబ్బది మంది పెద్దలను ఇచ్చెను. జనులు ద్వారములయొద్ద ఒకరితో ఒకరు ఏడ్చిరి. మోషే దేవునితో ఏడ్చెను. దేవుని గూర్చి గొణుగుట వేరు, దేవునితో మొరపెట్టుట వేరు. పరరాష్ట్రములో నున్న మన బిడ్డలు దిగులుపడినప్పుడు, ఆ దిగులును దాచుకొనవలసిన పనిలేదు. దానిని ఎవరియొద్దకు తీసికొని పోవలెనో తెలిసికొనిన చాలును.

4. "ఇదేమి?" అని అడుగుట నేర్చుకొనుడి

దేవుడు అరణ్యములో ఇశ్రాయేలీయులకు ఐగుప్తు సంతను తిరిగి తెచ్చి యియ్యలేదు. క్రొత్త ఆహారమును ఇచ్చెను. వారు దానిని చూచి ఇదేమి అని ఒకరినొకరు అడిగిరి. ఆ ప్రశ్నయే దాని పేరాయెను: మన్నా. క్రొత్త ఊరి సంతలో నిలువబడిన స్త్రీ మొదట అడుగవలసిన ప్రశ్నయు ఇదియే గదా! దేవుడిచ్చిన ఆహారము మనము ఎరుగని రూపములో వచ్చినప్పుడు, మొగము త్రిప్పుకొనక, ఇదేమి అని అడుగువాడు దానితో బ్రతుకును.

మన్నాను గూర్చిన వర్ణన మన వంటయింటి మాటలతో నిండియున్నది. అది కొత్తిమెర గింజవలె నుండెను. జనులు దానిని ఏరుకొని, తిరుగలిలో విసరి, లేక రోట దంచి, కుండలో ఉడికించి, రొట్టెలు చేసిరి. తలకొక ఓమెరు లెక్క. అది ఇంచుమించు రెండు లీటర్ల కొలత. ఎక్కువ కూర్చుకొనినవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొనినవానికి కొదువలేదు. దాచినది పురుగుపట్టెను. విశ్రాంతి దినము కొరకు మాత్రము ముందటి దినమున రెండంతలు దొరికెను. నలువది సంవత్సరములు అది వారిని పోషించెను. కనాను పంట తినిన మరునాడు అది మానిపోయెనని యెహోషువ 5వ అధ్యాయము చెప్పుచున్నది. దేవుడు దారిలో ఇచ్చు ఆహారము వేరు, చేరినచోట ఇచ్చు ఆహారము వేరు, ఇచ్చువాడు ఒక్కడే.

బబులోనునకు చెరగా పోయినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరము కూడ చదువుడి. ఇండ్లు కట్టుకొని కాపురముండవలెననియు, తోటలు నాటి వాటి ఫలములు తినవలెననియు, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థింపవలెననియు దేవుడు చెప్పించెను. ఆ పట్టణపు క్షేమములోనే వారి క్షేమమున్నది. చెరలో తోట వేయుటయనగా, రేపటిని గూర్చి దేవుని నమ్ముట. మన బిడ్డ పాత డబ్బాలో నాలుగు పుంటికూర గింజలు చల్లుకొనినను, ఆ ఆకు మొలచిననాడు ప్రక్కయింటి మరాఠీ తల్లి దానిని చూచి "అంబాడి!" అని సంతోషించును. ఆ దినమున ఇద్దరికి ఒక మాట కలియును.

ఇక్కడ ఒక పనికివచ్చు సంగతి చెప్పవలసియున్నది. జాతీయ ఆహార భద్రతా చట్టము (2013) క్రింద కార్డు గల కుటుంబములు వేరొక రాష్ట్రములోను తమ రేషను తీసికొనవచ్చును. ఈ ఏర్పాటు 2019 ఆగస్టులో మొదట తెలుగు రాష్ట్రములు రెండింటి మధ్యను, గుజరాతు మహారాష్ట్రముల మధ్యను ఆరంభమై, 2022 నాటికి దేశమంతట వ్యాపించెను. కార్డు సంఖ్యను గాని ఆధారు సంఖ్యను గాని చెప్పి, చౌకధరల దుకాణములో వ్రేలిముద్ర వేసిన చాలును. ఇంటిలో కొందరు ఊరిలో మిగిలినయెడల వారి వంతు వారికి ఇక్కడనే దొరకును. అయితే రాష్ట్ర ప్రభుత్వము మాత్రమే ఇచ్చిన కార్డులకు ఇది వర్తింపదు. కాబట్టి వెళ్లువారు బయలుదేరకముందే తమ కార్డు ఏ విధమైనదో ఊరి డీలరు నడిగి తెలిసికొనవలెను. తలకొక కొలత చొప్పున ఆహారము ఏర్పరచిన దేవుడు, ఇట్టి ఏర్పాటులను కూడ తన బిడ్డల మేలు కొరకు వాడుకొనును.

5. మన దుకాణమునకు వచ్చిన పరదేశి

ఇంతవరకు మనము వెళ్లినవారిని గూర్చి తలంచితిమి. ఇప్పుడు వచ్చినవారిని చూతము. తెలంగాణలోని ఇటుక బట్టీలకు ప్రతి సంవత్సరము ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి కుటుంబములు పిల్లలతో కూడ వచ్చును. వానకాలము గడచిన తరువాత వచ్చి, తిరిగి వానలు పడకముందు పోవుదురు. ముందుగా తీసికొనిన అడ్వాన్సు పనితో తీర్చవలెను. తిండి ఖర్చునకు ఇచ్చిన డబ్బుతో వారు మన సంతకును మన దుకాణమునకును వత్తురు. మన మాట వారికి రాదు. వ్రేళ్లు చూపి ధర అడుగుదురు. వారు ఇష్టముగా తిను పఖాళ మన చద్ది అన్నమువంటిదే. ఆ సంగతి మనలో ఎందరికి తెలియును? షోలాపూరులో మన బిడ్డ ఎట్లు నిలువబడునో, మన ఊరిలో వారును అట్లే నిలువబడుదురు.

లేవీయకాండము 19వ అధ్యాయములో ఒక విశేషమున్నది. 33, 34 వచనములు పరదేశిని బాధింపక స్వదేశమందు పుట్టినవానివలె ప్రేమింపవలెనని ఆజ్ఞాపించును. వెంటనే 35, 36 వచనములు త్రాసును, గుండ్లను, కొలతలను గూర్చి చెప్పును. పరదేశియు త్రాసును ప్రక్కప్రక్కన ఎందుకున్నవి? పరదేశిపై మన ప్రేమ మొదట పరీక్షింపబడు స్థలము గుడి కాదు, దుకాణము. మాట రానివానికి తక్కువ తూచుట సులభము. ధర తెలియనివానియొద్ద రెండు రూపాయలు ఎక్కువ తీసికొనుట సులభము. అందుకే ఐగుప్తునుండి రప్పించిన దేవుడను నేనే అను తన నామమును ఆయన ఆ త్రాసుమీదనే వ్రాసెను. నిర్గమకాండము 23:9లో, పరదేశి మనస్సు ఎట్లుండునో మీరు ఎరుగుదురు గదా అని ఆయన జ్ఞాపకము చేయుచున్నాడు. ఇశ్రాయేలీయులు ఇటుకలు చేసినవారు. మన యెదుట నిలిచిన ఈ కుటుంబమును ఇటుకలు చేయుచున్నది.

సరిగా తూచుట న్యాయము. న్యాయమునకు మించినది కొసరు. మోయాబునుండి బేత్లెహేమునకు వచ్చిన రూతు పొలములో పరిగె ఏరుకొనుట ధర్మశాస్త్రము ఆమెకిచ్చిన హక్కు. బోయజు అంతటితో ఊరకుండలేదు. పనలలోనుండి పిడికెళ్లు కావలెనని లాగి పడవేయుమని పనివారితో చెప్పెను, ఆమెను గద్దింపవద్దనెను, భోజనవేళ దగ్గరకు పిలిచి పేలాలు వడ్డించెను. ఆమె పేరును, ఆమె అత్తకు చేసిన మేలును అతడు విని తెలిసికొనియుండెను. కొసరు అనగా ఇదియే. ఆ పరదేశి స్త్రీ వంశములో దావీదు పుట్టెను. దావీదు వంశములో మన ప్రభువు పుట్టెను.

6. నిజముగా ఉచితమైనది

ఐగుప్తు చేపలు ఉచితమని ఇశ్రాయేలీయులు చెప్పిన మాట తప్పు. అయితే దేవుని గ్రంథములో నిజముగా ఉచితమైన అంగడి యొకటి కలదు. యెషయా 55వ అధ్యాయములో, రూకలు లేనివారు వచ్చి, వెల యియ్యక కొని తినవలెనని దేవుడు పిలుచుచున్నాడు. వెల లేని కొనుగోలు ఎట్లు సాధ్యము? వెల లేకపోలేదు, వేరొకరు చెల్లించిరి. వెండి బంగారములతో గాక క్రీస్తు యొక్క అమూల్యమైన రక్తముతో మనము విమోచింపబడితిమని పేతురు వ్రాయుచున్నాడు. యోహాను 6వ అధ్యాయములో ప్రభువు, పితరులు మన్నా తినియు చనిపోయిరని చెప్పి, పరలోకమునుండి దిగివచ్చిన జీవాహారము తానేనని బయలుపరచెను. ఆయన బల్ల పుణెలోను ఒక్కటే, పాలమూరులోను ఒక్కటే. భాష తెలియకపోయినను ఆ రొట్టె విరువబడునప్పుడు దానిని ఎరుగుదుము. ఆ బల్లయొద్దనున్న ప్రభువునకు మన పేరు తెలియును.

ఆచరణ

వెళ్లువారు: ఆ రాష్ట్రపు మాటలలో మన సరుకుల పేర్లు పది నేర్చుకొని బయలుదేరుడి. చేరిన మొదటి ఆదివారమునే సంఘమును వెదకుడి. అక్కడ మీ పేరు చెప్పుడి.

ఇంటనున్నవారు: బిడ్డ చెప్పు చిన్న దిగులును నవ్వి త్రోసివేయకుడి. వెళ్లువారెవరైన ఉన్నయెడల ఇంత పచ్చడియో కారమో పంపుడి. ఊరిలోని మంచిని మాత్రమే గాక, దేవుడు తప్పించినదానిని కూడ వారికి జ్ఞాపకము చేయుడి.

దుకాణము నడుపు విశ్వాసులు: మాట రానివారికి ధర వ్రేళ్లతో చూపుడి, త్రాసు వారికి కనబడునట్లు పెట్టుడి, కొసరు మరువకుడి.

సంఘము: దగ్గరలో బట్టీ యున్నయెడల, క్రిస్మసునకు ముందు ఒక దినమున పెద్దలు కూడి వెళ్లి, వారి పేర్లు అడిగి తెలిసికొనుడి. మొదట పేర్లు, తరువాత సహాయము.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఇశ్రాయేలీయులు తలచుకొనిన ఆరు వస్తువులేవి? వారు చెప్పిన ఏ మాట నిజము కాదు?
2. దావీదు ఆశకును అరణ్యములోని జనుల ఆశకును భేదమేమి?
3. మన ఊరి దుకాణమును గూర్చి మన పెద్దలు జ్ఞాపకముంచుకొను మేలు ఏమి? అవమానమేమి?
4. మోషే మొరకును జనుల గొణుగుటకును దేవుడు వేర్వేరుగా ఎందుకు జవాబిచ్చెను?
5. లేవీయకాండము 19లో పరదేశియు త్రాసును కలిసి యుండుటవలన మనము నేర్చుకొనునదేమి?
6. మన సంఘమువారిలో ఈ సంవత్సరము పరరాష్ట్రమున నున్నవారెవరు? వారి కొరకు పేరుపేరున ప్రార్థింతము.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, అరణ్యములో తలకొక కొలత చొప్పున పోషించినవాడా, దూరమున నున్న మా బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారిని ఎరుగని ఊరిలో నీవు వారిని ఎరిగియున్నావు. వారి దిగులు గొణుగుట కాకుండ ప్రార్థన యగునట్లు చేయుము. నీవు మమ్మును దేనినుండి విడిపించితివో మేము మరువకుందుము గాక. మా వాకిట నిలిచిన పరదేశి యెడల మా త్రాసును సరిచేయుము, మా చేతులను విప్పుము. మా వెల చెల్లించిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.